పేరు రాయవద్దన్న అన్నకు కృతజ్ఞతలు

కళ్లు మండుతున్నాయి, అయినా ఇది ఇవాళే రాయాలి.

పలమనేరు, కుప్పం వైపు నుంచి బెంగళూరుకు వచ్చే పాల ట్యాంకర్లను కనిపెట్టి ఉండే చిన్న సంస్థ మాది. సెన్సర్లు పంపే అంకెలు కాఫ్కా అనే సందేశాల వరసలోకి వస్తాయి. పాలు 4 డిగ్రీలు దాటి వేడెక్కుతుంటే ఆ అంకెల్ని వస్తూనే చదివే మా కాఫ్కా స్ట్రీమ్స్ జాబ్ (జావా ప్రోగ్రామ్) డ్రైవరుకు కబురు పంపుతుంది. ఈ వారం ఆ జాబ్ నడిచే కంటెయినర్లు (ప్రోగ్రామును విడిగా ఉంచి నడిపే డబ్బాల్లాంటివి) వరసగా చచ్చిపోసాగాయి. జావా లాగులో ఒక్క ఎర్రర్ లేదు. మిగిలేది ఎగ్జిట్ కోడ్ 137 మాత్రమే, అంటే బలవంతంగా చంపబడిందని గుర్తు. పడ్డకొద్దీ, కంటెయినర్లను నడిపించే కుబర్నెటీస్ వాటిని లేపడానికి ఇంకా ఆలస్యం చేస్తుంది: 10 సెకన్లు, 20, 40, చివరికి 5 నిమిషాలు. అంతసేపూ దారిలో ఏ ట్యాంకరు ఎలా ఉందో మా సిస్టమ్‌కు తెలియదు.

హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో మేము బల్లలు అద్దెకు తీసుకున్న చోట, ఎదుటి బల్ల వేరే కంపెనీ ఆయనది. అర్ధరాత్రి ఫోనులో నా తెలుగు విని లేచి వచ్చారు. కదిరి వైపు వారట. "అమ్మా, 137 పక్కన కారణం ఏమని ఉందో చూడు" అన్నారు. కొన్నింటికి ఓఓఎమ్‌కిల్డ్ (మెమరీ చాలక చంపబడింది) అని, కొన్నింటికి ఉత్త ఎర్రర్ అని ఉంది. అంటే సంఖ్య ఒకటే, చావులు రెండు.

మొదటిది మెమరీ. జాబ్ తన లెక్కలు దాచుకునే రాక్స్‌డీబీ, జావా తనకు కేటాయించుకున్న మెమరీ (హీప్) బయట చోటు తీసుకుంటుంది. ఏమీ మార్చకపోతే ఒక్కో పార్టిషన్ (డేటాలో ఒక వాటా) స్టోరుకు 50 ఎంబీ క్యాష్, పైన 16 ఎంబీ బఫర్లు మూడు దాకా. కంటెయినర్ మెమరీ హద్దు దాటగానే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ చంపేస్తుంది, జావాకు ఒక్క వాక్యం రాసే వ్యవధి కూడా ఉండదు. ఒక ఎద్దు కూలబడితే కాడి బరువంతా రెండోదాని మెడ మీద పడ్డట్టు, చచ్చినదాని పార్టిషన్లు మిగతావాటికి వెళ్లి వాటినీ పడగొట్టాయి.

రెండోది ఇంకా దారుణం. లేచిన జాబ్ తన స్థితిని (దాచుకున్న లెక్కల్ని) చేంజ్‌లాగ్ అనే మార్పుల చిట్టా నుంచి నింపుకుంటూ ఉంటుంది. ఆ లోగా, బతికే ఉందా అని కుబర్నెటీస్ అడిగే లైవ్‌నెస్ ప్రోబ్‌కు జవాబు రాక, ఆగమని సిగ్‌టర్మ్ అనే సిగ్నల్ వస్తుంది. ఒకటో నంబరు ప్రాసెస్‌గా కూర్చున్న షెల్ స్క్రిప్టు దాన్ని జావాకు అందించదు. 30 సెకన్లు గడిచాక సిగ్‌కిల్, అంటే బలవంతపు చావు. మళ్లీ 137. మేము వాడే ఎగ్జాక్ట్లీ వన్స్ (ప్రతి అంకె ఒక్కసారే లెక్కకు వచ్చే) పద్ధతిలో, సరిగ్గా మూసుకోకుండా చస్తే ఉన్న స్థితిని పారేసి మొదటి నుంచి నింపుకోవాలి. ఇక అది లేచేదెప్పుడు?

ఆయన కీబోర్డు ముట్టుకోలేదు. "నేను కొడితే రేపు మీ వాళ్లకు ఎవరు చెబుతారమ్మా, నువ్వే కొట్టు" అన్నారు. సిగ్నల్ నేరుగా జావాకు చేరేలా స్క్రిప్టు చివరి వరస మొదట్లో ఎగ్జెక్ చేర్చాను, నింపుకునేదాకా ఆగి చూసే స్టార్టప్ ప్రోబ్ పెట్టాను, రాక్స్‌డీబీ మొత్తానికీ కలిపి ఒక మెమరీ హద్దు కట్టాను, హీప్ వాటా తగ్గించాను, సున్నాగా ఉన్న స్టాండ్‌బై రెప్లికాలను (స్థితికి సిద్ధంగా ఉండే నకళ్లను) ఒకటి చేశాను. అన్నీ అయ్యాక ఆయన కుర్చీ నా తెర ముందుకు లాక్కున్నారు. "నువ్వు కాసేపు పడుకో. గ్రాఫ్ నేను చూస్తుంటాను, ఎర్రబడితే లేపుతాను." పొద్దున్నే ఆయనకూ ఆఫీసు పని ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. ఇన్ని రాత్రుల్లో నన్ను పడుకోమన్నవారు లేరు, ఇంకా ఎంతసేపు అని అడిగినవారే అందరూ.

డబ్బు కట్టించుకుని మా క్లస్టర్ (కంటెయినర్లు నడిచే యంత్రాల గుంపు) నడిపే సంస్థకు ఇదే సమస్య రాస్తే "కంటెయినర్ నడుస్తోంది" అని టికెట్ మూసేశారు. తెరిస్తే మళ్లీ మూశారు. వాళ్లు చూసిన క్షణాన నడుస్తూ ఉండవచ్చు, మరుక్షణం సంగతి ఎవరికి పట్టింది? మనిషి మాట్లాడాలంటే పై తరగతి ఒప్పందం కొనాలట. ఎదుటి బల్ల మనిషి ఉచితంగా చూసిన ఆ ఒక్క పదాన్ని, చూడటమే ఉద్యోగమైనవాళ్లు ఎందుకు చూడరు?

పాపను మా ఆయన, అత్తయ్య చూసుకున్నారు. వాళ్లకు వేరే చెప్పాలా.

శీతలీకరణ కేంద్రాల సూపర్‌వైజర్లను మరిచేపోయాను! కబుర్లు ఆగిన రాత్రుల్లో డ్రైవర్లకు ఫోన్లు చేసి ఉష్ణోగ్రతలు పుస్తకంలో రాసుకున్నది వాళ్లే. పాలు విరగలేదంటే వాళ్ల పుణ్యమే. అర్ధరాత్రి ఏసీ తిరిగి వేయించిన కాపలా తాతగారికి కూడా. హైదరాబాద్ నుంచి ఫోను పెట్టేయకుండా లైనులోనే ఉన్న మా సహోద్యోగికి కూడా, తన పేరు లేదని అలుగుతుంది, కానీ అడగకుండా ఎవరి పేరూ రాయడం లేదు.