కట్ట విప్పితేనే తీసివేత: ప్రకాశం జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మూడో తరగతి పిల్లలు 402లోంచి 178 తీసేసి 376 అని రాస్తే అది అజాగ్రత్త కాదు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తున్నారు. వాళ్ల చేతికి చీపురు పుల్లలిద్దాం: పది పుల్లలు ఒక కట్ట, పది కట్టలు ఒక మోపు. 402 అంటే 4 మోపులు, 2 పుల్లలు. ఒక మోపు విప్పి, అందులో ఒక కట్ట విప్పితే 3 మోపులు, 9 కట్టలు, 12 పుల్లలు. ఇక 224 వాళ్లకే కనబడుతుంది. పుల్లలకు బడ్జెట్ కూడా అక్కర్లేదు లెండి.

మిగతా పాఠాల్లోనూ ఇంతే. తెలుగులో వత్తు పోకుండా చదివిన పిల్ల అర్థం అడిగితే నోరు విప్పదు. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి బంగాళాఖాతంలో కలుస్తుందని అప్పజెప్పినవాడు పటంలో తూర్పెటో చూపలేడు.

పిల్లలు ఎక్కడ తడబడ్డారో మార్కు ఒక్కటే చెప్పదు; అందుకే పరీక్షల రిజిస్టరులో మార్కు పక్కన తప్పు ఏ రకమో రాసే గడి ఒకటి పెట్టించండి.

ఇట్లు,
జిల్లా ప్రాథమిక ఉపాధ్యాయులు కొందరు