రీలుకి 72 బొమ్మలు

నిషికసాయి, టోక్యో
ఆదివారం

నాన్నా,

నేను క్షేమం. మీరందరూ క్షేమమని తలుస్తాను. అమ్మ మోకాలు ఎలా ఉంది? డాక్టరు చెప్పిన వ్యాయామం చేస్తోందా? నాతో ఫోనులో "చేస్తున్నా, చేస్తున్నా" అంటుంది కానీ నాకు నమ్మకం లేదు. నువ్వు పక్కన కూర్చుని చేయించు. మొన్న టీవీలో భూకంపం వార్త చూసి రాత్రంతా నిద్రపోలేదని తమ్ముడు చెప్పాడు. అది మాకు చాలా దూరం నాన్నా. ఇక్కడ గదిలో లైటు కాస్త ఊగింది, అంతే. ఇలాంటిది ఎప్పుడు వచ్చినా ముందు నేనే మెసేజ్ పెడతాను, మీరు టెన్షన్ పడొద్దు.

ఆఫీసు మామూలే. ప్రాజెక్టు మారింది, పని ఎక్కువే, జీతం టైముకి పడుతోంది.

ఇక నేను కొన్న హాఫ్ ఫ్రేము కెమెరా సంగతి. ఫోనులో "హాఫ్ ఫ్రేము ఎందుకమ్మా, నెగిటివే సగమైతే బొమ్మలో ఇంకేం మిగులుతుంది" అనేసి ఫోను అమ్మకి ఇచ్చేశావు. నేను చెప్పేలోపే మాట కూరల మీదకి వెళ్లిపోయింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. కవర్లో ప్రింట్లు ఉన్నాయి. ఇది చదివాకే అవి చూడు.

నువ్వన్నది నిజమే. మామూలు 35 ఎం.ఎం. ఫ్రేము 24 బై 36 మిల్లీమీటర్లు, దీనిది 18 బై 24. యాషికా మ్యాట్ కెమెరాలో ఆరు బై ఆరు సెంటీమీటర్ల నెగిటివ్‌లు చూసిన నీ కళ్లకి ఇది తపాలా బిళ్లలా కనిపిస్తుంది. పెళ్లికూతురి బొమ్మ పెద్దది చేసి పటం కట్టాలంటే దీనితో కాదు, చుక్కలు చుక్కలుగా గ్రెయిన్ లేస్తుంది. కానీ నేను పెద్దవి చేయించను నాన్నా. పోస్టుకార్డు సైజు చాలు నాకు. ఆ సైజులో ఎలా ఉంటుందో నువ్వే భూతద్దం పెట్టి చూసి చెప్పు.

ఇక్కడ ఒక కలర్ రీలు రెండు వేల యెన్ల దాకా ఉంది, మన డబ్బుల్లో వెయ్యి దాటుతుంది. కడిగించడం, ప్రింట్లు వేరే. 36 బొమ్మలకే అంత పెట్టాలంటే షట్టర్ నొక్కబోయి ఆగిపోతాం. చెర్రీ పూలు, గుళ్లు, ఫుజి కొండ అయితే నొక్కుతాం, ఎవరైనా నొక్కుతారు. సందు చివర చేపల కొట్టు పెద్దాయన్ని, వంటింటి కిటికీలో ఆరేసిన నా గిన్నెల్ని తీయడానికి చెయ్యి రాదు. హాఫ్ ఫ్రేములో అదే రీలుకి 72 వస్తాయి. గిన్నెలకీ చోటు ఉంటుంది.

మన ఇంట్లో ఫొటోలు ఒకసారి గుర్తు చేసుకో. తణుకులో స్టూడియో పెట్టుకుని, నా చిన్నప్పటి ఫొటోలన్నీ ఎవరో ఒకరి పెళ్లి రీలు చివర్లో ఉన్నవే. కడగబోయే ముందు ఒకటో రెండో మిగిలితే "ఇటు రండర్రా" అని కేకేసేవాడివి. ఎలా ఉన్నవాళ్లం అలా పరిగెత్తుకొచ్చేవాళ్లం. ఒక జడ వేసి, రెండో జడ వెయ్యకుండా ఉన్న నా ఫొటో అలా తీసిందే. నేను తప్పు పట్టడం లేదు నాన్నా. రీలు కస్టమర్ది, ఆ వ్యాపారంతోనే మేం చదువుకున్నాం. కానీ మామ్మ మాకు అన్నం కలిపి ముద్దలు పెడుతున్న ఫొటో ఒక్కటీ లేదు. అమ్మ ఉన్నవన్నీ పట్టుచీరలో, ఎవరి పెళ్లిలోనో. అమ్మ పొయ్యి దగ్గర ఎలా ఉండేదో నాకు గుర్తుంది, తమ్ముడికి గుర్తు లేదు. ఒక రీలు మొత్తం ఇంటి కోసమే తీయాలని నాకు అందుకే అనిపించింది. ఇప్పుడు ఇల్లంటే నాకు ఈ గది, ఈ వీధి. మీకు తెలియని ఇల్లు ఇది.

అన్నట్టు ఆవకాయ అందింది. నూనె కారలేదు. అమ్మకి చెప్పు.

కొనేముందు చాలా చూశాను. ఈ సైజుని ఊరూరా తిప్పింది ఒలింపస్ పెన్. 1959లో వచ్చింది. దాన్ని గీసినాయన యోషిహిసా మైతానీ, అప్పటికి కంపెనీలో చేరి మూడేళ్లే అయింది. ఆరు వేల యెన్లకి అమ్మగలిగే కెమెరా చేయాలి, లెన్స్ మాత్రం నాసిరకం కాకూడదు అని పట్టుబట్టాడు. ఖర్చంతా లెన్స్‌కి పెట్టి, మిగతావన్నీ వీలైనంత సులువుగా కుదించాడు. రీలు తిప్పడానికి వెనక ఒక పళ్ల చక్రం, బొటనవేలితో జరపడమే. కస్టమరుకి లైట్లు తగ్గించినా లెన్స్ మాత్రం మంచిదే వాడతానని నువ్వు అనేవాడివి, ఆయన గురించి చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

షాపు అద్దాల వెనక అన్నింటికంటే అందంగా కనిపించేది పెన్ ఎఫ్. 1963ది. హాఫ్ ఫ్రేములో లెన్స్ మార్చుకునే ఎస్.ఎల్.ఆర్., అంటే లెన్స్‌లోంచే చూసి తీసేది. దానిపైన మన పెంటాక్స్ కే1000కి ఉన్నట్టు గూడు ఉండదు, నున్నగా ఉంటుంది, అద్దం పక్కకి తిరుగుతుంది. గుండ్రంగా తిరిగే టైటానియం షట్టర్ కాబట్టి ఏ స్పీడులోనైనా ఫ్లాష్ కలుస్తుంది. పెళ్లిళ్లలో నీకు అది ఉండి ఉంటే ఎంత సుఖమో! తర్వాత 1966లో వచ్చిన ఎఫ్.టి.లో వెలుతురు కొలిచే మీటరు పెట్టారు, కానీ అద్దంలోంచి కొంత వెలుతురు మీటరుకి పోవడంతో చూపు మసకగా ఉంటుంది. రెండూ చేతిలో పట్టుకుని చూశాను. మనసు లాగింది. సర్వీసు చేసినది కొనాలంటే ఖర్చు బాగా ఎక్కువ, వదిలేశాను.

కానన్ డయల్ 35 అని ఇంకోటి ఉంది. కింద పిడి తిప్పి స్ప్రింగుకి కీ ఇస్తే, ఒక్కో బొమ్మకీ రీలు దానంతట అదే జరుగుతుంది. ముద్దుగా ఉంటుంది కానీ దాని మీటరుకి పాదరసం బ్యాటరీ కావాలి, అది ఇప్పుడు తయారు కాదు. బదులు పెట్టే బ్యాటరీల వోల్టేజీ తేడా, ఎక్స్‌పోజర్ తప్పుతుంది. రిపేరు అలవాటు ఉన్నవాళ్లకి అది పెద్ద విషయం కాదు. నాకు బ్యాటరీయే అక్కర్లేనిది కావాలి. కొత్తగా కొనాలంటే 2024లో వచ్చిన పెంటాక్స్ 17 ఉంది, వారంటీ కూడా ఉంటుంది, కానీ ధర 80,000 యెన్ల పైమాట. తమ్ముడి ఫీజు కట్టాల్సిన నెలలో అంత ఎలా పెడతాను?

చివరికి తీసుకున్నది పెన్ ఈఈఎస్-2. 1968 మోడల్. లెన్స్ చుట్టూ బుడిపెల అద్దంతో ఒక వలయం ఉంటుంది, దాని కింద సెలీనియం సెల్లు. వెలుతురు పడితే అదే కరెంటు పుట్టిస్తుంది, మీటరు ముల్లు కదులుతుంది, లెన్స్‌లో వెలుతురు దూరే కంత, ఎపర్చర్, దానంతట అదే సరిపడా మూసుకుంటుంది. దీనికి తోబుట్టువు ఈఈ-2 ఇంకా సులువు, దూరం కూడా పెట్టక్కర్లేదు, కానీ దాని లెన్స్ 3.5. ఈఈఎస్‌ది 2.8, వెలుతురు ఎక్కువ తీసుకుంటుంది. దూరం పెట్టడానికి దీని మీద దగ్గరి మనిషికి ఒక గుర్తు, గుంపుకి ఒక గుర్తు, కొండలకి ఒక గుర్తు, చేత్తో తిప్పుకోవాలి. నాకు మొహాలు దగ్గరగా కావాలి, అందుకే ఇది.

కొన్నది నకానోలో. మా ఇంటి దగ్గర ఎక్కే తోజాయ్ లైను నేరుగా అక్కడికే వెళ్తుంది, మారక్కర్లేదు. షాపతను అడగ్గానే బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి మూడు పెట్టాడు. నేను మొదటిది తీసి, లెన్స్ వలయాన్ని అరచేత్తో మూసి షట్టర్ నొక్కాను. వ్యూఫైండర్లో ఎర్ర నాలుక పైకి లేవాలి, షట్టర్ పడకూడదు. లేచింది, పడలేదు. అప్పుడు కిటికీ వైపు తిప్పి నొక్కితే పడింది. రెండోది కిటికీ వైపు తిప్పినా ఎర్ర నాలుక చూపించింది, సెల్లు చచ్చిపోయిందన్నమాట. అలాంటిది కూడా ఎపర్చర్ చేత్తో పెట్టుకుని వాడుకోవచ్చు, అప్పుడు షట్టర్ సెకనులో నలభయ్యో వంతు దగ్గరే ఉండిపోతుంది. మూడోది బాగానే పనిచేసింది. వెనక తలుపు తీసి ఫోను టార్చి లెన్స్‌లోంచి వేసి చూస్తే, అంచున సాలెగూటి పోగుల్లాంటి తెల్లటి గీతలు. ఫంగస్. నువ్వు పాత లెన్స్‌లు కొనేటప్పుడు ఎండకి ఎత్తి ఒక కన్ను మూసి చూసేవాడివి కదా, నేనూ అలాగే చూశాను. షాపతను నవ్వి, నీకెవరు నేర్పారని అడిగాడు. మా నాన్న స్టూడియో అని చెప్పాను.

మొదటిదే తీసుకున్నాను. తలుపు సందుల్లో నల్ల స్పాంజి జిగురైపోయి వేలికి తారులా అంటుకుంది. వెలుతురు లోపలికి దూరకుండా ఆపేది అదే. అతనే గీకి కొత్తది అంటించి ఇచ్చాడు. మొత్తం 15,000 యెన్లు, మన డబ్బుల్లో తొమ్మిది వేల లోపే. అమ్మకి ఈ లెక్క నువ్వే చెప్పు. తమ్ముడి ఫీజు డబ్బు ఎప్పుడో వేరే పెట్టేశాను, దాన్ని ముట్టుకోలేదు. దుబారా చేస్తున్నానని మాత్రం అనుకోవద్దు. నేను వేరే దేనికీ ఖర్చు పెట్టను, మీకు తెలుసు.

ఒంటరిగా ఉంటున్నానని అమ్మ దిగులు పడుతోందని తెలుసు. ఆదివారాలు బరువుగానే ఉంటాయి, అబద్ధం చెప్పను. పొద్దున్నే ఇల్లు ఊడ్చి, బట్టలు ఆరేస్తే ఇక ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు. కెమెరా వచ్చాక అరకావా గట్టు మీదకి వెళ్తున్నాను. పిల్లలు బేస్‌బాల్ ఆడుతుంటారు, పక్కన వంతెన మీద మా రైలు పోతుంటుంది. తీయొచ్చా అని అడగడానికైనా నలుగురితో మాట్లాడాల్సి వస్తోంది. నా జపనీస్ కూడా బాగుపడింది.

ఇక ప్రింట్లు చూడు. అన్నీ నిలువుగా ఉంటాయి, కెమెరా మామూలుగా పట్టుకుంటే ఫ్రేము నిలువుగానే వస్తుంది, అడ్డం కావాలంటే కెమెరాని తిప్పాలి. ల్యాబులో ముందే హాఫ్ అని చెప్పి ఒక్కోటీ విడిగా వేయించాను. చేపల కొట్టు పెద్దాయనది కొంచెం చీకటిగా ఉంది, వెనక ట్యూబ్‌లైటు సెల్లుని మోసం చేసినట్టుంది. నువ్వైతే ఏం చేసేవాడివో రాయి. నీలం తలుపున్నది మా ఇల్లు. కుక్కర్ దగ్గర నేను, కింది వాటాలో ఉండే తమిళ అమ్మాయి తీసింది. చిక్కిపోయానని అమ్మ అంటుంది, వెలుతురు పక్కనుంచి పడింది నాన్నా, అంతే, నువ్వే నచ్చజెప్పు. గిన్నెలది మామ్మకి చూపించు. అందులో ఉన్న ఇత్తడి గరిటె తను ఇచ్చిందే.

నీ యాషికా మ్యాట్ ఇంకా తోలు కవర్లోనే ఉందా? వెంటనే బయటికి తీయి. తోలు చెమ్మని పట్టి ఉంచుతుంది, మన ఊరి వానాకాలానికి లెన్స్‌లో ఫంగస్ రావడం ఖాయం. ఇక్కడివాళ్లు గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి దాస్తారు. మందుల డబ్బాల్లో వచ్చే ఆ చిన్న పొట్లాలు అమ్మ పారేయకుండా చూడు. ముందు బయట పెట్టి కాసేపు వెలుతురు తగలనివ్వు, షట్టర్ అన్ని స్పీడుల్లోనూ కొట్టి చూడు.

సంక్రాంతికి వస్తున్నాను, సెలవు అడిగాను. వచ్చేటప్పుడు ఇల్‌ఫోర్డ్ బ్లాక్ అండ్ వైట్ రీళ్లు తెస్తాను. ఇంట్లోనే ఒక రీలు మొత్తం తీస్తాను. మామ్మ, అమ్మ, నువ్వు, వీధి అరుగు, అన్నీ. దాన్ని ఏ ల్యాబుకీ ఇవ్వను, నువ్వే కడగాలి. అటక మీద డెవలపింగ్ ట్యాంకు, థర్మామీటరు ఉండాలి, తమ్ముణ్ణి ఎక్కించి దింపించు. ట్యాంకులో రీలు చుట్టే స్పైరల్ విరగలేదు కదా, చూసి చెప్పు. కడిగే మందులు డీ-76, హైపో రాజమండ్రిలో దొరుకుతాయేమో కనుక్కో, లేదంటే హైదరాబాద్ నుంచి తెప్పిస్తాను. ఎన్లార్జర్ బల్బు వెలుగుతోందా? నెగిటివ్ పెట్టే చోట సగానికి నల్ల అట్ట ఒకటి కత్తిరించాలి, 18 బై 24కి. కొలత తప్పకుండా నువ్వే కత్తిరించి పెట్టు.

ఉత్తరం అందగానే తమ్ముడితో ఫోను చేయించు. అమ్మకి, మామ్మకి నా నమస్కారాలు.

నీ
పెద్దమ్మాయి