ఆదివారం ఉదయం 7కి జెట్ బోట్ ఫ్యూయల్ లైన్ చెకింగ్

అందరికీ నమస్కారం. ఐడిల్‌లో బాగానే ఉండి, థ్రాటిల్ ఇవ్వగానే ఆగిపోతున్న బోట్లన్నీ ర్యాంప్ దగ్గరికి తీసుకురండి.

ముందుగా ఒడ్డు దగ్గరే ట్యాంక్ మూత కాస్త వదులు చేసి చూడండి. ఇంజన్ బాగా లాగితే వెంట్ (ట్యాంక్‌లోకి గాలి వెళ్లే రంధ్రం) మూసుకుపోయినట్టే. కార్బురేటర్ విప్పకండి!

తేడా లేదా? ఫిల్టర్‌లోని పెట్రోల్ గాజు సీసాలోకి వంపండి. నీళ్లుంటే అడుగున వేరే పొరగా కనిపిస్తాయి. పంపుకు ముందున్న గొట్టంలో సన్న పగులున్నా గాలి లాగేస్తుంది. బయటికి పెట్రోల్ కారకపోవచ్చు, అందుకే చాలామందికి దొరకదు. క్లాంపులు బిగించండి, గట్టిపడిన గొట్టం మార్చేయండి.

ప్రీమిక్స్ (పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోసే) టూ-స్ట్రోక్ ఇంజన్ వాళ్లు ఇది సరయ్యేదాకా ఫుల్ థ్రాటిల్ ఇవ్వొద్దు. పెట్రోల్‌తో పాటు ఆయిలూ తగ్గి పిస్టన్ పట్టేస్తుంది.

తెచ్చుకోవాల్సినవి: కొత్త ఫిల్టర్, క్లాంపులు, గాజు సీసా.

మర్చిపోవద్దు: స్టార్ట్ చేసే ముందు బ్లోయర్ (ఇంజన్ గదిలోని పెట్రోల్ ఆవిరిని బయటికి పంపే ఫ్యాన్) 4 నిమిషాలు నడపండి. రాలేనివాళ్లు శనివారం రాత్రిలోగా చెప్పండి.