జామీనుదారుకు కూడా తనఖా కాగితం నకలు ఇవ్వాలి

సంపాదకులు గారికి,

మీ పత్రిక జిల్లా పేజీల్లో బ్యాంకుల స్వాధీన ప్రకటనలు, వేలం ప్రకటనలు తరచుగా చూస్తున్నాను. నేను ప్రొద్దుటూరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసేవాణ్ణి. నోటీసు అందుకున్నవాళ్లలో చాలామంది వకీలు కంటే ముందు మా దగ్గరికే వస్తారు. అందుకే ఈ ఉత్తరం.

ఈ మధ్య జమ్మలమడుగు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. తమ్ముడి బట్టల అంగడి లోనుకు జామీను ఉండి, తన ఇంటి దస్తావేజు బ్యాంకులో పెట్టాడు. ఆ లోను తీరిపోయింది. దస్తావేజు మాత్రం అక్కడే ఉండిపోయింది. తర్వాత తమ్ముడు అదే బ్రాంచిలో ఇంకా పెద్ద లోను తీసుకుని కట్టలేకపోయాడు. ఇప్పుడు నోటీసు అన్న ఇంటి మీదికొచ్చింది. "రెండో లోనుకు నేను ఇల్లు పెట్టలేదు నాయనా" అంటాడాయన. ముందు ముందు ఇచ్చే లోన్లకు కూడా వర్తిస్తుందని రాసిన మెమోరాండం (దస్తావేజు అప్పజెప్పిన సంగతి రాసుకునే కాగితం) మీద సంతకం చేశావంటుంది బ్యాంకు. ఆ కాగితంలో ఏముందో, ఏ తేదీ వేసుందో ఆయనకు తెలియదు. ఆయన దగ్గర నకలు లేదు.

ఇలాంటి గొడవలో ఆ కాగితమే ప్రాణం. మామూలు రిజిస్టర్ తనఖాకు సంతకం, ఇద్దరు సాక్షులు, రిజిస్ట్రేషన్ అన్నీ కావాలి. దస్తావేజులు అప్పజెప్పి పెట్టే తనఖాకు అవేవీ అక్కర్లేదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 58(ఎఫ్) ప్రకారం, అప్పుకు హామీగా ఉంచాలన్న ఉద్దేశంతో దస్తావేజు అప్పజెప్పితే చాలు. అయితే ఆ అప్పజెప్పడం ప్రభుత్వం నోటిఫై చేసిన పట్టణంలోనే జరగాలి. భూమి ఏ పల్లెలో ఉన్నా ఫరవాలేదు. ఇక మెమోరాండం సంగతి. జరిగిపోయిన అప్పగింతను నమోదు చేసుకున్న కాగితమైతే రిజిస్ట్రేషన్ లేకున్నా చెల్లుతుంది. ఆ కాగితంతోనే తనఖా ఏర్పడినట్టు రాసి ఉంటే రిజిస్టర్ కావాల్సిందే. సుప్రీంకోర్టు 1950 నుంచీ చెబుతున్నది ఇదే. అంటే దస్తావేజు ఎక్కడ ఇచ్చారు, ఏ రోజు ఇచ్చారు, వాక్యం ఎట్లా రాశారు అన్నదాని మీద ఒక ఇల్లు నిలుస్తుంది, లేదా పోతుంది. ఖాళీలున్న ఫారం మీద సంతకం పెట్టించుకుని తర్వాత నింపుకున్నారని నా దగ్గర వాపోయినవాళ్లు ఎందరో. అది నిజమో కాదో తేల్చాలంటే సంతకం రోజునే ఇచ్చిన నకలు ఉండాలి కదా!

బ్యాంకు వైపు న్యాయం లేదని నేననను. అది డిపాజిటుదారుల డబ్బు. లోను తీసుకునేటప్పుడు ప్లాట్లని చూపించి, నోటీసు రాగానే అడంగల్ తెచ్చి "ఇది వ్యవసాయ భూమి, సర్ఫేసీ చట్టం (కోర్టుకు పోకుండానే తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకుని అమ్ముకునే చట్టం) దీనికి వర్తించదు" అనేవాళ్లనూ చూశాను. రికార్డులో రాసి ఉంటే చాలదు, నిజంగా సాగు జరుగుతున్నట్టు అప్పు తీసుకున్నవాడే రుజువు చేసుకోవాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. అది సరైన తీర్పే. అలాంటివాళ్లకు వత్తాసు పలకడానికి నేనీ ఉత్తరం రాయడం లేదు.

పెద్దాయన లాంటివాళ్ల గతేమిటి? సర్ఫేసీ నోటీసుకు గడువు 60 రోజులు. ఆలోపు అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. స్వాధీనం దాకా వస్తే 45 రోజుల్లోగా రుణ వసూలు ట్రిబ్యునల్‌కు పోవాలి. రాయలసీమలో అలాంటి ట్రిబ్యునల్ ఒక్కటీ లేదు. ఇల్లు కాపాడుకోవడానికి ముందు బస్సు చార్జీలు, వకీలు ఫీజు సమకూర్చుకోవాలి. నకలు చేతిలో ఉంటే, పోవడం దండగో కాదో ఇక్కడే తేలిపోయేది.

ఇంటి లోను లాంటి వ్యక్తిగత లోన్లు తీరాక 30 రోజుల్లో దస్తావేజులు తిరిగివ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి అని రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. అప్పు తీసుకున్నవాడికి ఒప్పందం నకలు, జత కాగితాలు ఇవ్వాలన్న నియమావళి అంతకంటే పాతది. కానీ ఇల్లు పెట్టిన అన్న అప్పు తీసుకున్నవాడు కాదు. ఆయనకొక నకలివ్వాలని ఆ బ్రాంచిలో ఎవరికీ తట్టలేదు.

కలెక్టరు గారి అధ్యక్షతన మూడు నెలలకోసారి జిల్లా బ్యాంకర్ల సమావేశం జరుగుతుంది. లోన్ల లక్ష్యాలతో పాటు ఈ విషయమూ అక్కడ చర్చకు పెట్టాలి. ఆస్తి పెట్టిన ప్రతి మనిషికీ, అప్పు ఎవరిదైనా సరే, మెమోరాండం నకలు, అప్పజెప్పిన దస్తావేజుల జాబితా, వకీలు ఇచ్చిన లీగల్ ఒపీనియన్ అదే రోజు ఇచ్చి రసీదు తీసుకోవాలి. కొత్త లోనుకు పాత దస్తావేజును వాడుకునేటట్టయితే ఆస్తి యజమానిని పిలిపించి, తెలుగులో చదివి వినిపించి, మళ్లీ సంతకం తీసుకోవాలి.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
ప్రొద్దుటూరు, కడప జిల్లా