పాఠ్యపుస్తకం రాసేచోట పరిశోధక విద్యార్థులు ఉండాలి

అయ్యా,

మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడిగితే మా నాలుగో తరగతి పాప ఒకరు తడుముకోకుండా నాలుగో వంతే అంది. ‘మూడు కంటే నాలుగు పెద్దది కదా టీచర్’ అని కారణం కూడా చెప్పింది. రెండు రొట్టెలు తెచ్చి తుంచి చూపించాక, చిన్న ముక్కను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు అలాగే చూసింది. ఈ పొరపాటు నాకు ఏటా ఎదురవుతోంది. అది నా తరగతి గది దాటి పుస్తకం రాసేవారి దాకా వెళ్లే దారే లేదు.

బీఈడీ వారికి 20 వారాల పాఠశాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఎంఈడీ, పీహెచ్‌డీ విద్యార్థులను అలాగే ఆరు నెలలు రాష్ట్ర పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ బృందాలకు ఎందుకు పంపకూడదు? ముసాయిదా పాఠంతో పల్లె బడికి వెళ్లి, వెనక వరుసలో కూర్చుని, పిల్లలు ఏ వాక్యం దగ్గర ఆగిపోతున్నారో రాసుకురావాలి. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ద్విభాషా పుస్తకాలు ఉన్నాయి. పిల్లలు తెలుగు పేజీ చదివి ఇంగ్లిష్ పేజీకి వెళ్తున్నారా, దాన్ని వదిలేస్తున్నారా? పక్కన కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడులతో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమంలో విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు పల్లె ఉపాధ్యాయులతో కలిసి పాఠాలు తయారుచేశారు, బడిలో పరీక్షించి తిరగరాశారు. 2002లో దాన్ని ఆపేయడం నాకు ఇప్పటికీ బాధే.

వెళ్లే విద్యార్థులకు భత్యం ఇవ్వాలి, పుస్తకంలో వారి పేరు వేయాలి. వారు రాసుకొచ్చిన పరిశీలనలు తుది ప్రతి అచ్చుకు వెళ్లకముందే రచయితల చేతికి అందాలి.

– ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని