మీ తాత దోటి చీరలంగడికి వచ్చింది

తిరుపతి,
ఆషాఢం, ఆదివారం రాత్రి

ఒరే బావా,

ఫోను చేస్తే ఎత్తవు. ఎత్తినా లేతు మిషను మోతలో సగం వినపడదు, మిగతా సగానికి "ఆఁ ఆఁ" అంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నా. పోస్టులో వేస్తానో, ఫోటో తీసి పంపుతానో తెల్లారినాక చూద్దాం. చివర్లో నీకో పని ఉంది. ముందే అక్కడికి దూకొద్దు, వరసగా చదువు.

మొదట మా ఫిట్టింగు పిల్లోడి సంగతి. వాడు నిచ్చెన మీద నుంచి పడినాడు. కంగారు పడొద్దు, బాగుండాడు. మణికట్టు బెణికింది, పది రోజులు కట్టు కట్టినారు అంతే. గాంధీ రోడ్డు దగ్గర ఒక చీరలంగడిలో ఆషాఢం సేలుకు డ్యాంగ్లర్లు, అంటే వేలాడే ప్రకటన అట్టలు, కట్టే పని. నలభై ముక్కలు, అన్నీ సీలింగు నుంచే వేలాడాలి. రాత్రి మూసినాక కట్టిస్తాం అంటే ఓనరు ఒప్పుకోలేదు, తాళాలు చూసుకునే మనిషి లేడంట. పొద్దున్నే అంగడి తెరిచినాక, బేరాల మధ్యలో కట్టమన్నాడు.

చీరలంగడి నీకు తెలిసిందే కదా, నీ పెళ్ళికి మూడు రోజులు తిరిగినాం. నేలంతా తెల్ల దుప్పటి కప్పిన పరుపులు. ఆ పరుపు మీద నిచ్చెన నిలబడదు, కాలు దిగబడిపోతుంది. పరుపులు తీయమంటే, కూర్చున్న ఆడోళ్ళను లేపమంటావా అన్నాడు ఓనరు. మావాడు మూడు కాళ్ళు టైల్సు మీద, నాలుగో కాలు పరుపు మీద పెట్టి ఎక్కినాడు. "అన్నా, అలిపిరి మెట్లు 3550 ఎక్కినోణ్ణి, ఈ ఎనిమిది మెట్లు ఒక లెక్కా" అని పైనుంచి నాకు చెప్తానే ఉన్నాడు, పక్కకు వాలిపోయినాడు. పడింది ధర్మవరం పట్టుచీరల కుప్ప మీద. అందుకే ఎముక మిగిలింది.

ఓనరు పరిగెత్తుకొచ్చి మొదట అన్న మాట ఏమో తెలుసునా? "చీరలకు మరకేమైనా అయిందా చూడండప్పా!" ఆ తర్వాతే మావాడి చెయ్యి పట్టుకున్నాడు. ఆ పెద్దమనిషి పేరు నీకు చెప్పను, నువ్వు ఊరంతా చెప్తావు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫ్లెక్సు అచ్చేసే మిషనుకు లక్షలు పోసినా, దాన్ని వేలాడదీసే పనికి మాత్రం మా నాయన కాలం నాటి నిచ్చెనే. పెద్ద మాల్సులో నిచ్చెన లేకుండా కడతారని విన్నా కానీ, ఎట్లా కడతారో ఎప్పుడూ చూడలేదు. వెతికితే దొరికింది. ఒక చాపుడు కర్ర, అంటే ఒకదాంట్లో ఒకటి దూరి పొడుగయ్యేది, పెయింటర్లు రోలరుకు తగిలించుకుంటారే అట్లాంటిది. దాని కొసన ఒక ప్లాస్టిక్ గిన్నె. దాంతోపాటు ఒక డబ్బా నిండా క్లిప్పులు, కొక్కెం ఉన్న అయస్కాంతాలు. తెప్పించినా.

పార్సిలు విప్పి కర్ర చాపి నిలబెట్టినా. అప్పుడు గుర్తొచ్చింది చూడు, మీ దామలచెరువు మామిడితోటలో మీ తాత దోటి! వెదురు గడ, కొసన వంకీ, దాని కింద చిక్కం. కాయ తొడిమెకు వంకీ తగిలించి ఒక్క మలుపు తిప్పితే బెంగుళూరా కాయ చిక్కంలో పడేది, నేల మీద పడి సొన కారేది కాదు. మనం చెట్టెక్కుతామంటే తాత కర్రతోనే మన కాళ్ళ మీద తట్టేవాడు. ఇది అదే దోటి బావా. తాత పైనున్నది కిందికి దించేవాడు, వీళ్ళు కిందున్నది పైకి ఎక్కిస్తారు. తేడా అంతే.

పని చేసే తీరు నీలాంటోడికి చెప్తేనే నాకు తృప్తి. ఇప్పుడు అంగళ్ళలో ఎక్కువ భాగం ఫాల్సీలింగే కదా. రెండడుగులకు రెండడుగుల పలకలు, వాటిని మోసే సన్న పట్టీలు. పట్టీ తలకిందులు చేసిన 'టీ' అక్షరంలా ఉంటుంది, కింద కనపడే వెడల్పు 24 మిల్లీమీటర్లు. లోపల జీఐ రేకు, అంటే జింకు పూత పూసిన ఇనుము, పైన తెల్ల పెయింటు. చూసేదానికి ప్లాస్టిక్ అనిపిస్తుంది గాని అది ఇనుమే. కాబట్టి అయస్కాంతం పట్టుకుంటుంది.

డ్యాంగ్లరుకు టంగుసు దారం, అదే గాలానికి కట్టే నైలాన్ దారం, కట్టి, ఆ దారాన్ని అయస్కాంతం కొక్కేనికి తగిలించి, అయస్కాంతాన్ని గిన్నెలో కూర్చోబెడతాం. గిన్నె ప్లాస్టిక్ కాబట్టి అయస్కాంతం దానికి అంటుకోదు. కర్ర పైకెత్తి పట్టీ కిందికి తెస్తే, ఇంకాస్త ఉందనగానే టక్కున తానే ఎగిరి అతుక్కుంటుంది. కర్ర కిందికి దించితే డ్యాంగ్లరు అక్కడే ఊగుతా ఉంటుంది. మొదటిది అతుక్కున్నప్పుడు చీరలు చూసే ఒకావిడ చేతిలో చీర వదిలేసి పైకి చూసింది. "ఇంకోటి పెట్టు నాయనా, చూస్తా" అంది!

క్లిప్పులు ఇంకో రకం. గిన్నె బదులు రెండు పళ్ళున్న తల పెట్టి, క్లిప్పును దాంట్లో ఇరికించి, పట్టీ అంచుకు ఆనించి పావు మలుపు తిప్పితే అంచును కరుచుకుంటుంది. అయస్కాంతం పట్టని చోట అదే దిక్కు. చిత్తూరులో ఒక సెల్‌ఫోన్ల అంగడికి పోయినాం, సీలింగు తళతళా మెరుస్తోంది. ఇనుమే అనుకున్నా. అయస్కాంతం పైకి పోయింది, కర్రతో పాటే కిందికి వచ్చింది. మళ్ళీ పంపినా, మళ్ళీ వచ్చింది. అల్యూమినియం పట్టీలు బావా! అంగడి కుర్రోళ్ళందరూ నవ్వినారు. అప్పటి నుంచి అంగట్లోకి పోగానే ఒక చిన్న అయస్కాంతం పంపి పరీక్ష చేసినాకే రేటు చెప్తున్నా. జిప్సం బోర్డు సీలింగైతే ఇంకా కష్టం. ఇనుప పట్టీ ఉంటుంది గాని 12.5 మిల్లీమీటర్ల బోర్డు వెనకాల. ఆ ఎడం దాటి అయస్కాంతం ఏం లాగుతుంది? అట్లాంటి చోట ఒక్కసారి నిచ్చెనెక్కి కొక్కేలు బిగించి పెట్టాల్సిందే, ఆ తర్వాత కర్రతో తగిలించుకోవచ్చు.

ఈ అయస్కాంతాలు మనం స్పీకరు పగలగొట్టి తీసిన నల్ల రకం కాదు. నియోడిమియం. 1980లలో వచ్చినవి. పైసా బిళ్ళంత ముక్కకు ఎంత బలమో. రెండింటిని పక్కపక్కన పెట్టినా మొదటిరోజు. వాటి మధ్య నా బొటనవేలి చర్మం ఇరుక్కుంది. నల్లగా కమిలి బొబ్బ లేచింది, ఇది రాస్తుంటే పెన్ను అక్కడే ఒత్తుకుంటోంది. ఇంకో సంగతి, 80 డిగ్రీలు దాటితే మామూలు రకానికి బలం పోతుందంట. రేణిగుంట పక్క రేకుల షెడ్డులో మే నెల ఎండకు సీలింగు ఎంత కాలుతుందో నీకు తెలుసు, అంత రాదులే గాని ఆ కాలంలో నేనైతే అక్కడ క్లిప్పులే వాడతా.

డబ్బా మీద పది కిలోలు మోస్తుంది అని అచ్చేసినారు. అది మందపాటి ఇనుప దిమ్మ మీద, పెయింటు లేకుండా చూసిన లెక్క. మన పట్టీ రేకు పలచన, మీద పెయింటు, పైగా 32 మిల్లీమీటర్ల బిళ్ళకు 24 మిల్లీమీటర్ల పట్టీ మాత్రమే తగులుతుంది. నేను నమ్మలేదు. మా అంగట్లో సీలింగుకు పెట్టి, రెండు లీటర్ల నీళ్ళ బాటిలు కట్టి, కింద బక్కెట్టు పెట్టి రాత్రంతా వదిలినా. పొద్దున్నే చూస్తే అట్లే ఉంది. అయినా అర కిలోకు మించి వేలాడదీయను, కింద మనుషులు కూర్చుంటారు కదా. అడుగు వెడల్పు గుండ్రటి అట్ట డ్యాంగ్లరు రెండు తులాల చిల్లర తూగుతుంది, దానికేం భయం లేదు. రెండడుగులకు మూడడుగుల 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు, అంటే గట్టి ప్లాస్టిక్ నురుగు పలక, మాత్రం కిలోన్నర దాకా వస్తుంది. దానికి రెండు క్లిప్పులు, రెండు దారాలు.

దారం సంగతి కూడా మొదట్లో తప్పు చేసినా. టంగుసుకు మామూలు ముడి వేస్తే రాత్రికి రాత్రే జారిపోతుంది. గాలం వేసేవాళ్ళలా ఐదు చుట్లు చుట్టి కొస లోపలికి దూర్చాలి. ఏసీ గాలికి డ్యాంగ్లరు గిరగిరా తిరిగి దారం మెలిపడి పైకి ముడుచుకుంటోంది. దానికీ చేపల గాలం సామాన్లలోనే మందు దొరికింది, తిరిగే చిన్న ఇత్తడి బందు. మా వీధి చివర గాలాలమ్మే ఆయన నన్ను చూసి "ఏం సామీ, ఫ్లెక్సులు మానేసి చేపలు పడతాండావా" అంటాడు.

ఇంక దించడం. దించే రోజు వచ్చేదాకా దాని గురించి నేనూ ఆలోచించలేదు. నిట్టనిలువుగా లాగితే అయస్కాంతం బలమంతా నీ మీదే. పట్టీ వంగుతుంది, పలక లేస్తుంది, దుమ్ము నీ కళ్ళల్లో పడుతుంది. గిన్నెను అయస్కాంతానికి తొడిగి కర్రను ఒక పక్కకు వాల్చాలి. ఎనిమిదడుగుల కర్ర కదా, కింద రెండు వేళ్ళతో తోసినా పైన ఒక అంచు విడిపోతుంది. అంచు విడిచి సందు వస్తే బలం ఒక్కసారిగా తగ్గిపోతుంది. మళ్ళీ అతుక్కునే లోపల చటుక్కున కిందికి లాగెయ్యాలి. మీ తాత తొడిమె మలిపినట్టే. మావాడు ఒంటిచేత్తో నలభై ముక్కలూ అరగంటలో దించినాడు, కట్టు కట్టిన చెయ్యి జేబులో పెట్టుకుని.

గుండె ఆగిన సంగతి ఒకటి చెప్తా. ఇంకో పెద్ద అంగట్లో, మూడో అంతస్తులో, కర్ర ఎత్తి నడుస్తున్నా. పదకొండడుగుల సీలింగు, కర్ర కొస ఊగుతానే ఉంటుంది, మనం ఒకటి అనుకుంటే అది ఇంకో చోటికి పోతుంది. వెనకాల నుంచి సెక్యూరిటీ ఆయన "నిలువప్పా!" అని అరిచినాడు. పైకి చూస్తే కర్ర కొసకు జానెడు దూరంలో నిప్పులార్పే నీళ్ళ స్ప్రింక్లరు. దాని మధ్యలో ఎర్ర నీళ్ళున్న చిన్న గాజు గొట్టం. 68 డిగ్రీలకు అది పగిలితే నీళ్ళు కొడుతుంది. నిప్పు లేకపోయినా కర్ర తగిలితే పగిలేదే కదా. కింద పట్టుచీరల కౌంటరు! నా ఫ్లెక్సు మిషను అమ్మినా తీరేది కాదు ఆ లెక్క. ఇప్పుడు వాటి పక్కకు పోను, వాటి పైపులకు ఏమీ కట్టనివ్వను. కరెంటు తీగలున్న చోట అల్యూమినియం కర్ర పట్టుకోకూడదని ఫైబరు కర్ర కూడా తెచ్చినా.

ఇంత చేసినాక డబ్బుల దగ్గరికి వద్దాం. అదే చీరలంగడి ఓనరు. మునుపు ముక్కకు నలభై రూపాయలు ఇచ్చేవాడు. బిల్లు పెడితే ఇరవై చేసినాడు. ఎందుకయ్యా అంటే, "ఎక్కేది లేదు, దిగేది లేదు, కింద నిలబడి పెడతాండారు. ఇంక దేనికి నలభై?" అన్నాడు. అంటే ఇన్నాళ్ళూ మావాడు పడిపోతాడేమో అన్న భయానికి ఇచ్చినాడా ఇరవై రూపాయలు? నాకు మండింది. "అయితే మీరే పెట్టుకోండి, కర్ర అద్దెకిస్తా" అన్నా. నిజంగానే తీసుకున్నాడు. వాళ్ళ కుర్రోడు పొద్దంతా తంటాలు పడి ఏడు ముక్కలు పెట్టి, మెడ పట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి ముప్పై అయిదుకు ఒప్పందం కుదిరింది.

ఇప్పుడు నీ పని. ఆ ఓనరు కుర్రోడు పీకిన పీకుడికి ప్లాస్టిక్ గిన్నె అంచు చిట్లిపోయింది. విడిగా అమ్మరంట, మొత్తం సెట్టు కొనమంటారు. నువ్వు లేతు మీద ఒకటి తిప్పి పంపు. నైలాన్ రాడ్డు, 50 మిల్లీమీటర్ల లావు, 60 పొడుగు. ఇనుము మాత్రం వద్దు, అయస్కాంతం గిన్నెకే అతుక్కుని పైకి పోదు. కింద వైపు కర్ర దూరేదానికి 22 బెజ్జం, 35 లోతు, కొంచెం బిగువుగానే ఉండనీ. పై వైపు 33 వెడల్పు గిన్నె, లోతు 6 మాత్రమే. బిళ్ళ 8 మందం, రెండు మిల్లీమీటర్లు బయటికి ఉంటేనే పట్టీకి ముందు అది తగులుతుంది. మధ్యలో కొక్కెం దిగేదానికి 12 బెజ్జం, పక్కన దారం బయటికి వచ్చేదానికి పైనుంచి కింద దాకా 5 గాడి. గాడి అంచులు నున్నగా గీకు, లేకుంటే టంగుసు తెగుతుంది. గిన్నె గోడ మాత్రం పలచన చెయ్యొద్దు, వాల్చినప్పుడు బరువంతా దాని మీదే పడుతుంది. బొమ్మ వెనక పేజీలో గీసినా, నా గీత చూసి నవ్వకుండా కొలతలు చూడు.

రెండు చెయ్యి. ఒకటి ఎట్లా అయినా ఎవరో ఒకరు పగలగొడతారు. శ్రావణం సేలు మొదలయ్యే లోపల చేరాలి, పన్నెండు అంగళ్ళు ఒప్పుకున్నా. చెల్లెమ్మకు అడిగినానని చెప్పు. అత్త మోకాలి నొప్పి ఎట్లుందో రాయి. పోయినసారి తోటకు పోయినప్పుడు తాత దోటి కొట్టంలో చూరుకు దోపి ఉంది, చిక్కం చినిగిపోయింది గాని గడ గట్టిగానే ఉంది. అడిగి తెచ్చుకుందామనుకున్నా, అత్త ఇయ్యలేదు.

నీ బావ