వైఫైలో సర్టిఫికెట్ చెక్ చేయొద్దని కాలేజీ వాళ్లే చెప్తే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఇంజినీరింగ్ ఫస్ట్ ఇయర్ క్లాసులు మొదలైతే చాలు, సిస్టమ్ అడ్మిన్ రూమ్ ముందు ఫోన్లూ ల్యాప్‌టాపులూ పట్టుకుని పిల్లలు క్యూ కడతారు. మా తమ్ముడు గుంటూరు దగ్గర ఒక ప్రైవేట్ కాలేజీలో చేరాడు, అక్కడ వైఫై కావాలంటే మ్యాక్ అడ్రస్, అంటే ఒక్కో ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ ఉండే వైఫై గుర్తింపు నంబర్, ఫారంలో రాసి హెచ్‌ఓడీ సంతకం పెట్టించి ఇవ్వాలట. వాడు అబౌట్ ఫోన్‌లో ఉన్న నంబర్ చూసి రాసిచ్చాడు, అయినా కనెక్ట్ కాలేదు, అడిగితే నీ ఫోన్‌లోనే ప్రాబ్లమ్ అన్నారంట.

ఫోన్‌లో ఏ ప్రాబ్లమూ లేదండి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు మామూలుగా తమ అసలు మ్యాక్ అడ్రస్ వైఫైకి చూపించవు, మనం ఎక్కడెక్కడ తిరుగుతున్నామో ఎవరూ ట్రాక్ చేయకుండా ఒక్కో నెట్‌వర్క్ పేరుకి ఒక్కో ఉత్తుత్తి అడ్రస్ తయారుచేసుకుంటాయి. హాస్టల్ వైఫైకి ఒక పేరు, లైబ్రరీకి ఇంకో పేరు ఉంటే రెండు చోట్లా రెండు అడ్రస్‌లు. ఆండ్రాయిడ్‌లో అయితే ఆ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ దగ్గర డివైస్ మ్యాక్ అని మార్చుకుంటే అయిపోతుంది, ఈ ముక్క నోటీస్‌లో రాసినా క్యూ చాలావరకు తగ్గేది. పోనీ ఇంత తతంగంతో సెక్యూరిటీ వస్తుందా అంటే అదీ లేదు, మ్యాక్ అడ్రస్ ఎన్‌క్రిప్షన్ లేకుండానే గాల్లో పోతుంది, చొక్కా మీద పేరు రాసుకుని తిరిగినట్టే, పక్కన కూర్చున్నవాడు చూసి తన ల్యాప్‌టాప్‌కి పెట్టేసుకోవచ్చు.

అసలు భయపడాల్సింది ఇంకోటుంది. స్టాఫ్‌కీ సీనియర్లకీ యూజర్‌నేమ్ పాస్‌వర్డ్‌తో వేరే నెట్‌వర్క్ ఉంది, దాని నోటీస్‌లో సీఏ సర్టిఫికెట్ (సర్వర్ అసలుదేనని తేల్చే డిజిటల్ గుర్తింపు పత్రం) దగ్గర డోంట్ వాలిడేట్, అంటే చెక్ చేయొద్దు అని పెట్టండి అని రాశారు. నేను నెట్‌వర్కింగ్ ఫీల్డ్‌లోనే ఉన్నా, ఆ నోటీస్ ఫొటో చూసి మతిపోయింది. ఎదురుగా ఉన్నది నిజంగా కాలేజీ సర్వరేనా అని ఫోన్ చూసుకునేది ఆ సర్టిఫికెట్‌తోనే, అది వద్దంటే ఎవడైనా అదే పేరుతో క్యాంటీన్‌లో ఒక దొంగ వైఫై పెట్టి పిల్లల పాస్‌వర్డ్‌లు రాబట్టొచ్చు, పెద్ద కష్టం కూడా కాదు. ఆ పాస్‌వర్డే స్టూడెంట్ పోర్టల్‌కీ, అంటే మార్కులు, ఫీజులు, అటెండెన్స్ అన్నీ. ఇది డేంజరనే గూగుల్ 2020 డిసెంబర్ అప్‌డేట్‌లో తన పిక్సెల్ ఫోన్లలోంచి ఆ ఆప్షనే తీసేసింది. కొత్త ఫోన్‌లో అది కనబడట్లేదని ఒకబ్బాయి అడిగితే పాత ఫోన్ తెచ్చుకో అన్నారంట, ఏమనాలో చెప్పండి.

దీనికి దారి లేక కాదు. 2002లో యూరప్‌లో పుట్టిన ఎడ్యురోమ్ అనే పద్ధతి ఉంది, మన దేశంలో దాన్ని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎర్నెట్ ఇండియా చూస్తుంది, సొంత కాలేజీ లాగిన్‌తోనే అది ఉన్న వేరే యూనివర్సిటీకి వెళ్లినా వైఫై కలుస్తుంది, సర్టిఫికెట్‌తో సహా సెట్టింగ్స్ అన్నీ ఒక యాప్ పెట్టేస్తుంది. అది ఇప్పుడే కుదరదంటే కనీసం కాలేజీ సర్టిఫికెట్ వెబ్‌సైట్‌లో పెట్టి, సర్వర్ పేరు నోటీస్‌లో రాయండి. మనిషికి ఒకటే డివైస్ అనే రూల్ కూడా తీసేయండి, ఫోన్ ఒకటీ ల్యాప్‌టాప్ ఒకటీ లేకుండా ఈ రోజుల్లో బీటెక్ ఎవరు చదువుతున్నారు?

అఫిలియేషన్ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే యూనివర్సిటీ వాళ్లకి ఒక్క రిక్వెస్ట్. ల్యాబ్‌లో కంప్యూటర్లూ, ఇంటర్నెట్ స్పీడూ ఎలాగూ చూస్తారు, వైఫై ఎలా కనెక్ట్ అవ్వాలని పిల్లలకిచ్చిన ఆ కాగితం కూడా ఒకసారి అడిగి తీసుకుని చదవండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ